క్రమశిక్షణ పిల్లలకేనా? హాస్టల్ నడిపేటోళ్లకు లేదా?



పోస్టు పొడుగు ఉంటది. ఓపిక చేసుకొని చివరిదాక చదవండి. ముఖ్యంగ గాంధారి, లింగంపేట, ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట, మాచారెడ్డి, తాడ్వాయి తండాల నుంచి వచ్చి హాస్టళ్లల్ల చదివి, ఇప్పుడు డిగ్రీలు, బీఈడీలు, కోచింగులు చేస్తున్న అన్నలు, అక్కలు చదవాలె. ఈ మాట అధికారులకు కాదు, ముందుగాల మనకే.

ఈ మధ్య ఎక్కడ నలుగురు కూసున్నా ఒక మాట వినిపిస్తుంది. "హాస్టల్ పిల్లలకు భయం లేకుండ పోయింది. సారు చెయ్యి ఎత్తితే కేసు అంటరు. మా కాలంల తొడపాశం పెట్టిన్రు, కట్టె విరిగేదాక కొట్టిన్రు, అందుకే మేం మనుషులమైనం." ఈ మాట అనేది ఎవరో బయటోళ్లు కాదు. తీజ్ పండుగకు తండాకు వచ్చిన మన ఉద్యోగస్తులు అంటున్నరు, మన పెద్దమనుషులు అంటున్నరు. బిడ్డను గేటు దగ్గర అప్పజెప్పి పోయే తండ్రి కూడ "కొట్టి అయినా సరే సారూ, మీరే చదివించాలె" అని చేతులు జోడించి పోతున్నడు.

నేను ఈ మాటకు పూర్తిగ వ్యతిరేకం. పిల్లలకు క్రమశిక్షణ వద్దని కాదు. మన హాస్టళ్లల్ల క్రమశిక్షణ అనే మాటకు అర్థమే మారిపోయింది. పిల్లలు అడగకుండ, చెప్పకుండ, ఏడ్వకుండ ఉంటే దానికి క్రమశిక్షణ అని పేరు పెట్టిన్రు. పిల్లలు నోరు మూసుకున్న హాస్టల్ల ఎవరికీ భద్రత ఉండదు. నేను చెప్పదల్చుకున్నది ఇదే. ఎందుకో వివరంగ చెప్తా.

2024 ఒక్క సంవత్సరం గుర్తు చేసుకుందాం

జగిత్యాల జిల్లా పెద్దాపూర్ గురుకులంల 2024 జూలై చివర ఒక పిల్లగాడు చనిపోయిండు. రెండు వారాలు తిరగంగనే ఆగస్టుల ఇంకొకడు. ఇంకా కొందరు పిల్లలు అస్వస్థతతోని ఆసుపత్రి పాలైన్రు. పాము కాటు కావచ్చని అనుమానాలు వచ్చినయి. తర్వాత ఉప ముఖ్యమంత్రి, మంత్రులు అక్కడికి పోయిన్రు. మొదటి పిల్లగాడు పోయిన తెల్లారే గదులు, గడ్డి, పొదలు, కిటికీలు అన్నీ చూసి సరిచేస్తే రెండో తల్లికి కడుపుకోత తప్పేదా అన్న ప్రశ్నకు ఇప్పటికీ జవాబు లేదు.

అదే ఏడాది అక్టోబరు 30న కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా వాంకిడి గిరిజన ఆశ్రమ పాఠశాలల ఆడపిల్లలు తిన్న తిండి విషమైంది. పదుల మంది ఆసుపత్రికి పోయిన్రు. తొమ్మిదో తరగతి చెల్లె ఒకామె దాదాపు నెల రోజులు ప్రాణంతోని కొట్లాడి నవంబరు 25న హైదరాబాద్ నిమ్స్‌ల చనిపోయింది. చదువుకోనీకి పోయిన బిడ్డ తిండి తిని చనిపోయింది.

అదే నవంబరుల నారాయణపేట జిల్లా మాగనూరు జిల్లా పరిషత్ పాఠశాలల మధ్యాహ్న భోజనం తిన్న పిల్లలు వాంతులతోని పడిపోయిన్రు. వారం తిరగక ముందే అదే బడిల మళ్ల అదే జరిగింది. విషయం హైకోర్టు దాక పోయి, కోర్టు ప్రభుత్వాన్ని గట్టిగ నిలదీసింది.

ఈ మూడు చోట్లా పిల్లలు చేసిన తప్పు ఏంది? ఒకళ్లు నిద్రపోయిన్రు, మిగిలినోళ్లు పెట్టింది తిన్నరు. అంతే. ఇంతకన్న క్రమశిక్షణ గల పిల్లలు ఏడ దొరుకుతరు?

ఇప్పుడు ఒక్కసారి ఆలోచించండి. మన జిల్లాల ఏదన్న ఒక హాస్టల్ల రేపు రాత్రి ఒక ఆరో తరగతి పిల్ల లేచి "మేడం, కూర వాసన వస్తుంది" అన్నదనుకోండి. ఆమెకు ఏం జవాబు వస్తది? "మీ తండాల రోజూ చికెన్ తింటున్నవా?" ఈ జవాబు విననోళ్లు ఈ గ్రూపుల ఎంతమంది ఉన్నరో చేతులెత్తండి. నేను చదివిన హాస్టల్ల అన్నంల పురుగు చూపించిన పిల్లగాన్ని అందరి ముందల నిలబెట్టి "వీనికి ఒక్కనికే కనబడ్డదట" అని నవ్వించిన్రు. ఆ తర్వాత మేం రెండేండ్లు ఎవ్వరం పురుగు చూపియ్యలే. పురుగును పక్కకు తీసి తినుడు నేర్చుకున్నం. రికార్డుల మాత్రం మా హాస్టల్ల ఏ ఫిర్యాదూ లేదు, మంచి క్రమశిక్షణ ఉన్నది.

మూతి మూసుకున్న పిల్లలు మంచి పిల్లలు అని నేర్పిన చోట, పాడైన కూర గురించి ఎవరూ చెప్పరు. గదిల పాము తిరుగుతుందని చెప్పరు. బాత్రూం తలుపుకు గడియ లేదని చెప్పరు. చెయ్యకూడని చోట చెయ్యి వేసినోని గురించి అసలుకే చెప్పరు. ఆసుపత్రి బండి వచ్చినంకనే మనకు తెలుస్తది.

ఏ పనికి క్రమశిక్షణ ఉన్నది, ఏ పనికి లేదు?

మన హాస్టల్ల రూల్స్ ఒకసారి లెక్కపెట్టండి. పొద్దుగాల ఐదింటికి లేవాలె. జుట్టు ఇంత పొడుగే ఉండాలె. ఫోన్ దొరికితే పగలగొడుతరు. తల్లిదండ్రులు ఫలానా ఆదివారమే రావాలె. స్టడీ అవర్ల కన్ను మూస్తే గోడ కుర్చీ. ప్రేయర్‌కు ఐదు నిమిషాలు లేటైతే మోకాళ్ల మీద నిలబడాలె. పిల్లలు వాళ్లల్ల వాళ్లు గోర్ బోలిల మాట్లాడుకుంటే "ఇది తండా కాదు" అని తిట్లు. మన తల్లి నేర్పిన మాట కూడ క్రమశిక్షణ తప్పుడు కిందనే జమ.

ఇప్పుడు రెండో లెక్క. మంచినీళ్ల ట్యాంకు ఎప్పుడు కడిగిన్రు? రాత్రి పూట డ్యూటీల ఎవరున్నరు, నిజంగ క్యాంపస్‌ల పండుకుంటున్నరా? నర్సమ్మ పోస్టు ఉందా, ఉంటే మనిషి ఉందా? కాంపౌండు వాల్ పడిపోయి ఎన్నేండ్లయింది? పరుపులు, దోమతెరలు ఎంతమందికి వచ్చినయి? నూటయాభై మందికి ఎన్ని బాత్రూంలు పనిచేస్తున్నయి? సరుకులు తెచ్చే కాంట్రాక్టరు కుళ్లిన కూరగాయలు దింపితే తిప్పి పంపిన రోజు ఒక్కటన్న ఉన్నదా?

మొదటి లెక్కల పిల్లగాడు తప్పు చేస్తే అప్పటికప్పుడు శిక్ష. రెండో లెక్కల తప్పులకు ఎవరికీ ఏ శిక్షా లేదు. పిల్లగాడు ఐదు నిమిషాలు ఆలస్యమైతే మోకాళ్ల మీద నిలబెడుతరు. నీళ్ల ట్యాంకు ఆరు నెలలు ఆలస్యమైతే మోకాళ్ల మీద నిలబడేది ఎవరు?

ఎన్నో ఏండ్ల సంది ఇదే నడుస్తుంది. పైనుంచి కిందికి వచ్చేసరికి క్రమశిక్షణ గట్టిపడుతుంది, బాధ్యత పలుచబడుతుంది. పిల్లల మీద సీసీ కెమెరాలు పెరిగినయి. వంటగదిల కెమెరా ఉన్నా దాని రికార్డు తల్లిదండ్రులకు ఎవరూ చూపియ్యరు.

పూర్ణ పేరు వాడుకునేటోళ్లకు ఒక మాట

క్రమశిక్షణ గురించి మాట్లాడేటప్పుడు మనోళ్లు మాలావత్ పూర్ణ పేరు తప్పకుండ తీస్తరు. తియ్యాలె కూడ. సిరికొండ మండలం పాకాల నుంచి వచ్చి, మన తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంల చదివి, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు 13 ఏండ్ల 11 నెలలు. మన జాతి బిడ్డ, మన జిల్లా బడి. గర్వంగ చెప్పుకుందాం.

కానీ ఆమె కట్టె దెబ్బలకు భయపడి ఎవరెస్టు ఎక్కలే. భువనగిరి గుట్ట మీద శిక్షణ ఇచ్చిన్రు. డార్జిలింగ్ తీసుకపోయిన్రు. లద్దాఖ్ చలిల తయారీ చేయించిన్రు. కోచ్ ఉన్నడు, డాక్టరు పరీక్షలు ఉన్నయి, బూట్లు, బట్టలు, తాడు, ఆక్సిజన్ అన్నీ ఉన్నయి. తాడు కట్టకుండ ఒక్క అడుగు కూడ ఎక్కనియ్యలే. అక్కడ క్రమశిక్షణ అంటే ముందు పెద్దోళ్లు తమ పని సక్కగ చేసుడు, ఆ తర్వాత పిల్లను అడుగు వెయ్యమనుడు.

పూర్ణను చూపించి మన పిల్లలను కొట్టేటోళ్లు ఆ తాడు సంగతి మాత్రం చెప్పరు. మన హాస్టల్ పిల్లలను తాడు లేకుండ కొండ ఎక్కమంటున్నం. జారి పడితే "వానికి క్రమశిక్షణ లేదు" అంటున్నం.

చట్టం ఏం చెప్తుంది?

"కొట్టొద్దు అని ఈ మధ్య చట్టాలు తెచ్చి చెడగొట్టిన్రు" అనేటోళ్లకు తేదీలు చెప్తా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల బడిల కొట్టుడు మీద నిషేధం 2002లనే వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను శారీరకంగ శిక్షించుడే కాదు, మానసికంగ వేధించుడు కూడ తప్పు అని చెప్పింది. 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ ప్రకారం పిల్లల బాధ్యత చేతిల ఉన్నోళ్లు వాళ్లను హింసిస్తే, కావాలని పట్టించుకోకుండ వదిలేస్తే మూడేండ్ల దాక జైలు. పిల్లల సంరక్షణ అప్పజెప్పిన సంస్థల పనిచేసేటోళ్లయితే ఐదేండ్ల దాక, ఐదు లక్షల దాక జరిమానా. పట్టించుకోకుండ వదిలేసుడు కూడ అందుల ఉన్నదని గుర్తుపెట్టుకోండి. జ్వరంతోని మూడు రోజులు పడున్న పిల్లను ఆసుపత్రికి తీసుకపోకపోవుడు కూడ ఆ మాట కిందికే రావాలె.

లైంగిక వేధింపుల విషయంల 2012 పోక్సో చట్టం ఇంకా గట్టిగ ఉన్నది. తెలిసినోళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పాల్సిందే. కింది ఉద్యోగి చేసిన నేరం తెలిసి కూడ చెప్పకపోతే సంస్థ పెద్దకు ఏడాది దాక జైలు. "బడి పేరు పోతది, మనం మనం మాట్లాడుకుందాం" అని పంచాయితీ పెట్టే ప్రిన్సిపాల్ అయినా, తండా పెద్దమనిషి అయినా చట్టం ముందల తప్పు చేసినట్టే.

2025 జూలై 25న సుప్రీంకోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంల నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి మరణం కేసుల, విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద దేశమంతటికీ 15 మార్గదర్శకాలు పెట్టింది. బడులు, కాలేజీలు, కోచింగులు, హాస్టళ్లు అన్నిటికీ వర్తిస్తయి. వంద మంది, అంతకన్న ఎక్కువ పిల్లలు ఉన్న సంస్థల కనీసం ఒక కౌన్సిలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలె. మార్కులు తక్కువ వచ్చినోళ్లను అందరి ముందల అవమానించొద్దు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇయ్యాలె. ఎస్సీ, ఎస్టీ, బీసీ వంటి వర్గాల పిల్లలతోని వివక్ష లేకుండ, సున్నితంగ ఎట్ల ఉండాలెనో సిబ్బందికి నేర్పాలె. మన హాస్టళ్లు చాలావరకు వంద మందికి పైనే కదా? ఆ కౌన్సిలర్ ఎవరో మీ తమ్మున్ని, చెల్లెను అడిగి చూడండి.

అంటే చట్టం లేక కాదు. అడిగేటోడు లేక.

మీరు అనబోయే మాటలకు జవాబు

ఒకటి. "మేం దెబ్బలు తిన్నం, బాగుపడ్డం."

అన్నా, మీరు బాగుపడ్డరు, సంతోషం. మీ ఐదో తరగతి బ్యాచ్‌ల ఎంతమంది చేరిన్రో గుర్తు చేసుకోండి. పదో తరగతి ఫోటోల ఎంతమంది మిగిలిన్రో లెక్కపెట్టండి. మధ్యల గోడ దూకి తండాకు ఉరికొచ్చినోళ్లు, మళ్ల పోనని ఏడ్చి మేకల వెంట పోయినోళ్లు, ఇప్పుడు హైదరాబాద్‌ల సెంట్రింగ్ పనికి పోతున్నోళ్లు, వాళ్లు కూడ అవే దెబ్బలు తిన్నరు. వాళ్లు ఈ గ్రూపుల పోస్టులు పెట్టరు. అందుకే మీ మాట ఒక్కటే వినబడుతుంది. మిమ్మల్ని పైకి తెచ్చింది దెబ్బలు కాదు, మీ యాడి చెరుకు నరికి పంపిన పైసలు, ఒకరిద్దరు మంచి సార్లు, మీ పట్టుదల.

రెండు. "ఫోన్లు, గంజాయి, గ్రూపు కొట్లాటలు వచ్చినయి. పిల్లలను వదిలేస్తమా?"

ఈ సమస్య నిజం. కామారెడ్డి పట్టణంల చదివే ఇంటర్ పిల్లల సంగతి మనందరికీ తెలుసు. సీనియర్లు జూనియర్లను కొట్టుడు కూడ నిజమే. వదిలెయ్యమని ఎవ్వరూ అనరు. కానీ కఠిన శిక్షతోని ఇది ఆగుతదా? అమెరికా పట్టణ బడులల్ల 1990ల నుంచి ఇదే ప్రయోగం చేసిన్రు. చిన్న తప్పుకైనా క్షమాపణ లేదు, బడి నుంచి బయటికే అని రూల్ పెట్టిన్రు. అది బడులను భద్రంగ చేసిందనేటందుకు ఆధారం లేదని అక్కడి మానసిక శాస్త్రవేత్తల సంఘమే కమిటీ వేసి 2000ల చివర్ల చెప్పింది. శిక్ష అందరికీ సమానంగ కూడ పడలే. నల్లజాతి పిల్లలను తెల్లపిల్లల కన్న మూడు రెట్లు ఎక్కువగ సస్పెండ్ చేసిన్రని వాళ్ల ప్రభుత్వ లెక్కలే చెప్పినయి. బయట పడ్డ పిల్లగాడు రోడ్డు మీదికి పోయిండు, అక్కడి నుంచి జైలుకు.

మన దగ్గర టీసీ చేతిల పెడితే ఏమైతది? పట్టణపు పిల్లగాడు ఇంకో ప్రైవేటు బడిల చేరుతడు. మన పిల్లగాడు అడ్డా మీద కూలికి నిలబడుతడు. గంజాయి తాగే పిల్లగానికి టీసీ ఇస్తే గంజాయి పోదు, పిల్లగాడు పోతడు. వాన్ని కూసోబెట్టి మాట్లాడే మనిషి కావాలె, పొద్దుమీకి ఆడుకోనీకి గ్రౌండు కావాలె, సాయంత్రం ఏడింటి తర్వాత హాస్టల్ల ఒక పెద్ద మనిషి ఉండాలె.

మూడు. "సార్లు ఏం చేస్తరు, వాళ్ల మీద భారం ఎక్కువ."

ఒప్పుకుంటా. ఒక్క వార్డెన్ సరుకులు తేవాలె, బిల్లులు పెట్టాలె, ఆన్‌లైన్ అటెండెన్స్ వెయ్యాలె, రాత్రి పిల్లలను చూడాలె. కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సిబ్బందికి జీతం సమయానికి రాదు. వంట చేసే అక్క కూడ చాలాసార్లు మన తండా ఆమెనే. పైసలు కూడ చూడండి. 3 నుంచి 7 తరగతుల పిల్లకు నెలకు తిండి ఖర్చు 950 రూపాయలు ఉండె. అంటే రోజుకు 32 రూపాయలు కూడ లేదు. 2024 చివర్ల 40 శాతం పెంచి 1,330 చేసిన్రు. 8 నుంచి 10 తరగతులకు 1,100 నుంచి 1,540 అయింది. డిసెంబరు 14 నుంచి కొత్త మెనూ వచ్చింది. మంచిదే. అయినా రోజుకు 44 రూపాయలకు మూడు పూటల తిండి, గుడ్డు, స్నాక్స్ అంటే మీ ఇంట్ల లెక్క వేసి చూడండి.

అందుకే నేను సారును తిట్టుమనను. ఏదన్న జరిగినప్పుడు వార్డెన్‌నో, వంటామెనో సస్పెండ్ చేసి చేతులు దులుపుకునుడే ఈ వ్యవస్థకు అలవాటైంది. నీళ్ల పరీక్షకు పైసలు ఇయ్యనోడు, ఖాళీ పోస్టు నింపనోడు, తనిఖీకి రాకుండ సంతకం పెట్టినోడు సల్లగ ఉంటడు. భారం ఎక్కువుంటే పై ఆఫీసును అడగాలె, పిల్లల వీపు మీద దించుకోవద్దు. సార్లు కూడ ఈ కొట్లాటల మనతోని కలవాలె.

నాలుగు. "ఇవన్ని బయట పెడితే తల్లిదండ్రులు భయపడి ఆడపిల్లలను తీసుకపోతరు, పెండ్లి చేస్తరు."

ఈ భయం నాకూ ఉన్నది. హాస్టల్ మానేసిన తొమ్మిదో తరగతి పిల్లకు తండాల ముందు కనబడేది పెండ్లి సంబంధమే. కానీ తల్లిదండ్రులు భయపడేది మనం మాట్లాడినందుకు కాదు. వాంకిడి వార్త టీవీల చూసి భయపడ్డరు. దాచిపెడితే భయం పోదు, ఇంకా పెరుగుతది. "ఈ హాస్టల్ల రాత్రి మేడం ఉంటది, జ్వరమొస్తే గంటల ఫోన్ వస్తది, నా బిడ్డ చెప్పింది వింటరు" అని నమ్మకం కుదిరిన రోజు ఏ తల్లీ బిడ్డను మాన్పియ్యదు.

గేటు ముందల ఎవరు నిలబడాలె?

2024 సెప్టెంబరుల మన కామారెడ్డి పట్టణంల ఒక ప్రైవేటు బడిల చిన్న పాప మీద అక్కడి పీఈటీ అఘాయిత్యం చేసిండని ఆరోపణ వచ్చింది. కొద్ది గంటల్లనే తల్లిదండ్రులు, సంఘాలోళ్లు బడి ముందల నిండిపోయిన్రు. రాళ్లు పడ్డయి, పోలీసులు లాఠీలు ఎత్తిన్రు. రాళ్లు వేసుడు తప్పు, నేను దాన్ని సమర్థించ. కానీ ఆ పాప కోసం ఊరు కదిలింది. కదలాలె కూడ.

మన పిల్లలకు అట్ల కదిలే ఊరు హాస్టల్ పక్కన ఉండదు. అమ్మానాయిన ముప్పై నలభై కిలోమీటర్ల దూరంల, తండాల. లేకుంటే చెరుకు కొట్టనీకి పోయిన్రు, హైదరాబాద్ పనికి పోయిన్రు. ఫోన్ ఎత్తేసరికే రాత్రయితది. బస్సు దొరికి వచ్చేసరికి తెల్లారుతది. గేటు దగ్గర వాచ్‌మెన్ "ఆదివారం రాండ్రి" అంటడు.

ఇంకో చిక్కు ఉన్నది. మనది ఐటీడీఏ లేని జిల్లా. మైదాన ప్రాంత గిరిజనులం. ఉట్నూరు, భద్రాచలంల లెక్క ప్రాజెక్టు ఆఫీసరు మనకు లేడు. పైగ మన పిల్లలు చదివే చోట్లకు నాలుగు రకాల బోర్డులు. ఆశ్రమ పాఠశాల, హాస్టల్ అయితే గిరిజన సంక్షేమ శాఖ. గురుకులం అయితే సొసైటీ. కస్తూర్బా అయితే విద్యాశాఖ. ఏకలవ్య అయితే ఢిల్లీల ఇంకో సొసైటీ. ఒకరిని అడిగితే ఇంకొకరిని చూపిస్తరు. సదువు రాని తండ్రి ఏ ఆఫీసు మెట్లు ఎక్కాలె?

ఆ గేటు ముందల నిలబడాల్సింది మనం. హాస్టల్ల ఎట్లుంటదో మనకు తెలుసు, అర్జీ రాయొస్తది, ఆఫీసు తెలుసు. ఇంత తెలిసి కూడ మనం చేస్తున్న పని ఏందంటే, ఏదన్న జరిగిన రోజు నల్ల డీపీ పెట్టుడు, "రిప్" అని రాసుడు, వారానికి మరిచిపోవుడు.

చెయ్యాల్సిన పనులు

1. ప్రతి హాస్టల్‌కు మన పాత విద్యార్థులు ఇద్దరు బాధ్యత తీసుకోవాలె. ఆడపిల్లల హాస్టల్ అయితే అక్కలే. నెలకు ఒక ఆదివారం అనుమతి తీసుకొని పోవాలె. పిల్లలతోని కలిసి అదే అన్నం తినాలె. తిని మాట్లాడాలె.

2. 2024 నవంబరుల ప్రభుత్వం ప్రతి సంస్థల ఆహార భద్రత కమిటీ పెట్టమన్నది. ప్రధానోపాధ్యాయులు, ఇద్దరు సిబ్బంది వంటగది, సరుకులు చూడాలె, పిల్లలకు పెట్టక ముందు రుచి చూడాలె. మీ హాస్టల్ల ఆ కమిటీల ఎవరున్నరు, రుచి చూసినట్టు రాస్తున్నరా అని మర్యాదగ అడగండి. రాస్తలేకుంటే రాయమని అర్జీ పెట్టండి.

3. సమాచార హక్కు దరఖాస్తు వెయ్యండి. నాలుగు ప్రశ్నలు చాలు: మంజూరైన పోస్టులు, ఖాళీలు ఎన్ని? గత ఏడాదిల తనిఖీలు ఎన్నిసార్లు, ఎవరు చేసిన్రు? నీళ్ల పరీక్ష, ట్యాంకు శుభ్రం చేసిన తేదీలు ఏంది? ఎంతమంది పిల్లలు మధ్యల బడి మానేసిన్రు? 30 రోజుల్ల జవాబు ఇయ్యాలె. ఈ నాలుగో ప్రశ్న తప్పకుండ అడగండి. హాస్టల్ ఎట్లుందో ఆ అంకె చెప్తది.

4. ఫిర్యాదు పెట్టె అన్ని చోట్లా ఉంటది, తాళం వార్డెన్ దగ్గర ఉంటది. తాళం బయటి అధికారి దగ్గర ఉండాలె, నెలకోసారి తల్లిదండ్రుల ముందల తియ్యాలె అని డిమాండ్ చేద్దాం. ఫిర్యాదు చేసిన పిల్లను తర్వాత నెల రోజులు మనం కనిపెట్టుకొని ఉండాలె. కక్ష అప్పుడే తీర్చుకుంటరు.

5. వానకాలం రాకముందే గడ్డి, పొదలు, కిటికీ జాలీలు, కరెంటు వైర్లు చూడాలె. ఎల్లారెడ్డి, బాన్సువాడ, కామారెడ్డి ప్రభుత్వ ఆసుపత్రుల్ల పాము కాటు మందు ఉందా అని ముందే తెలుసుకోవాలె. రాత్రి బండి ఎవరిదో, ఫోన్ నంబర్ ఏందో గోడ మీద రాయించాలె.

6. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098. ప్రతి పిల్లకు నోటికి రావాలె. హాస్టల్ల పిల్లలకు అందే ఫోన్ ఒకటి ఉండాలె, పక్కన నిలబడి వినేటోళ్లు ఉండొద్దు.

7. 2018ల తండాలు గ్రామ పంచాయతీలు అయినయి. మన సర్పంచులు సీసీ రోడ్ల కోసం ఎమ్మెల్యే దగ్గరికి పోతరు. తమ తండా పిల్లలు ఏ హాస్టల్ల ఎంతమంది ఉన్నరో పేర్లు రాసుకొని ఒక్కసారి పోయి చూడమని అడగండి. సోమవారం ప్రజావాణికి తల్లులను తీసుకొని పోండి. పది మంది యాడీలు కలెక్టరేట్ల కూసుంటే అర్జీకి బరువు వస్తది.

మనకు మనం పెట్టుకోవాల్సిన రూల్ కూడ ఒకటి ఉన్నది. పిల్లల ముఖాలు, పేర్లు వీడియోలు తీసి పెట్టొద్దు. ఏడుస్తున్న పిల్ల ముందల ఫోన్ పెట్టి లైకులు అడుక్కునుడు సేవ కాదు. వేధింపు కేసుల బాధితురాలి వివరాలు బయట పెడితే అది కూడ నేరమే. పార్టీ కండువాలు గేటు బయటనే తీసి లోపలికి పోవాలె. ప్రభుత్వం ఏదైనా మన పిల్లలు తినే పళ్లెం అదే.

చివరగ ఆ పాత మాట దగ్గరికి వస్తా. "భయం ఉండాలె" అంటున్నరు. సరే, ఉండాలె. కుళ్లిన కూరగాయలు దింపే కాంట్రాక్టరుకు భయం ఉండాలె. చూడకుండ సంతకం పెట్టే అధికారికి భయం ఉండాలె. పిల్ల మీద చెయ్యి వేసేటోనికి భయం ఉండాలె. పదకొండేండ్ల పిల్లకు మాత్రం హాస్టల్ల భయం ఉండొద్దు, ఆమెకు ధైర్యం ఉండాలె. "సార్, ఇది బాగలేదు" అని నిలబడి చెప్పే పిల్లనే మన హాస్టళ్లల్ల అందరికన్న క్రమశిక్షణ గల పిల్ల. ఆమె ఒక్కతి చెప్పిన రోజు నూటయాభై మంది ప్రాణాలు నిలుస్తయి.

మీ మండలంల ఏ హాస్టల్ బాధ్యత మీరు తీసుకుంటరో కింద రాయండి. ఊరికె "సూపర్ అన్నా" అని పెట్టి పోకండి. మండలం పేరు రాయండి, వచ్చే ఆదివారం నుంచే మొదలు పెడదాం.

జై సేవాలాల్. జై భీమ్.